తెల్ల ఎలుగు కొవ్వులో పీసీబీ: తడి బరువా, కొవ్వు బరువా? లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఉప్పుటేరు · శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. విశాఖలో ఎమ్మెస్సీ పిల్లల కోసం ఒక అభ్యాసం తయారవుతోంది. విషయం ఆర్కిటిక్ ఆహార గొలుసులో క్లోరిన్ రసాయనాలు పోగుపడటం. కింది అంకెలు లెక్క నేర్పడానికి అల్లినవి, ఏ పరిశోధన పత్రంలోనివీ కావు. పీసీబీ-153 (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్ అనే పారిశ్రామిక రసాయనాల్లో ఒకటి), గ్రాము తడి బరువుకు నానోగ్రాముల్లో:

కోపెపాడ్ (సముద్రంలో తేలే చిన్న రొయ్యలాంటి జీవి) 0.4
ధ్రువ కాడ్ చేప (మొత్తం చేప) 0.6
రింగ్డ్ సీల్ కొవ్వు పొర 90
తెల్ల ఎలుగు కొవ్వు 400

"చేపలో కంటే ఎలుగులో 667 రెట్లు" అని పిల్లలు పోస్టర్ మీద పెద్దక్షరాలతో రాసేశారు. భాగహారం సరిగ్గానే ఉంది. కానీ రాయొచ్చా? ఇంకో రెండు ప్రశ్నలు. పీఎఫ్ఓఎస్ (ఒక ఫ్లోరిన్ రసాయనం) అంకెల్ని ఇదే పట్టికలో, ఇదే పద్ధతిలో కలపొచ్చా? ప్రయోగశాలలో చేయి తిరగడానికి మన ఫిషింగ్ హార్బర్ చేపల్లో ఏవి తీసుకోవాలి?

తగరపువలస మాస్టారు · శనివారం, రాత్రి 10:02

రాయకూడదు బాబూ. మొత్తం చేపని మొత్తం ఎలుగుతో పోల్చలేదు మీవాళ్లు. చేప ఒంట్లో నూటికి మూడు పాళ్లు కొవ్వు ఉంటే, ఎలుగు నుంచి తీసిన ముక్కలో ఎనభై పాళ్లు కొవ్వే. పీసీబీ నీటిలో నిలవదు, కొవ్వులో దాక్కుంటుంది. కొవ్వు ఎక్కువున్న ముక్కలో అది ఎక్కువుంటే అందులో వింతేముంది? ముందు కొవ్వుతో భాగించండి.

కోపెపాడ్‌లో కొవ్వు 10 శాతం అనుకుంటే 0.4ని 0.10తో భాగిస్తే 4.
కాడ్‌లో 3 శాతం: 0.6 / 0.03 = 20.
సీల్ పొరలో 90 శాతం: 90 / 0.90 = 100.
ఎలుగు కొవ్వులో 80 శాతం: 400 / 0.80 = 500.

ఇవి గ్రాము కొవ్వుకు నానోగ్రాములు. ఇప్పుడు ఎలుగుకీ కాడ్‌కీ తేడా 25 రెట్లు, 667 కాదు. సీల్‌కీ కాడ్‌కీ తేడా తడి బరువులో 150 రెట్లు కనిపించింది, అసలుది 5 రెట్లే.

తర్వాత ఆహార మెట్టు లెక్క. నైట్రోజన్-15 ఐసోటోపు ఒక్కో మెట్టుకు కొంత పెరుగుతుంది. సాధారణంగా వెయ్యికి 3.4 అంటారు, ఆర్కిటిక్ సముద్ర పనుల్లో 3.8 ఎక్కువగా వాడతారు. కోపెపాడ్‌ని 2వ మెట్టుగా పెట్టుకుని: మెట్టు = 2 + (జంతువు విలువ − కోపెపాడ్ విలువ) / 3.8. కోపెపాడ్ 9.0, కాడ్ 12.8, సీల్ 16.6, ఎలుగు 20.4 అయితే మెట్లు 2, 3, 4, 5 వస్తాయి. కొవ్వు బరువు విలువలకు పదో ఆధారంతో లాగ్ తీసి, మెట్టుకు ఎదురుగా గీత గీస్తే వాలు 0.699. పదిని ఆ ఘాతానికి హెచ్చిస్తే 5. అదే టీఎంఎఫ్ (ట్రోఫిక్ మాగ్నిఫికేషన్ ఫ్యాక్టర్), అంటే మెట్టుకు 5 రెట్లు.

ఇదే లెక్క తడి బరువుతో చేయించండి. వాలు 1.118 దగ్గర, టీఎంఎఫ్ 13 దాటుతుంది. రెండు గీతలూ పక్కపక్కన పెట్టిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

డాల్ఫిన్స్‌నోస్ · శనివారం, రాత్రి 10:41

మాస్టారి లెక్కకు ఒక మెలిక. ఆ గీతలో చల్లటి నెత్తురు జీవులూ వేడి నెత్తురు జీవులూ కలిసిపోయాయి. చేప మొప్పల్లోంచి రోజంతా నీళ్లు పారుతుంటాయి, ఒంట్లోని రసాయనం కొంత అలా బయటికి పోతుంది. సీల్, ఎలుగు గాలి పీలుస్తాయి, ఆ దారి లేదు. పైగా ఒళ్లు వెచ్చగా ఉంచుకోడానికి తిండి బాగా తింటాయి, తిన్న కొవ్వును బాగా అరిగించుకుంటాయి. అందుకని కాడ్ నుంచి సీల్‌కు వెళ్లేటప్పుడు ఒకేసారి పెద్ద గెంతు ఉంటుంది. ఆ గెంతును మెట్టు ఖాతాలో వేస్తే టీఎంఎఫ్ ఉబ్బుతుంది. కోపెపాడ్, చేపలకు ఒక గీత, చేప తినే పక్షులు, సీళ్లు, ఎలుగులకు ఇంకో గీత గీయించండి. పాయింట్లు చాలకపోతే "రెండు వర్గాలూ కలిసిన గీత" అని పోస్టర్ మీదే రాయించండి.

బీటా-హెచ్‌సీహెచ్ (పాత పురుగుమందులోని ఒక భాగం) దగ్గర ఈ తేడా ఇంకా మొరటుగా కనిపిస్తుంది. ఆక్టనాల్-నీటి విభజన సంఖ్య (కొవ్వు వైపు ఎంత, నీటి వైపు ఎంత చేరుతుందో చెప్పేది) లాగ్‌లో 3.8 దగ్గర. కాబట్టి చేప దాన్ని మొప్పల్లోంచి తేలిగ్గా వదిలించుకుంటుంది, చేపల్లో మెట్టు మెట్టుకూ పెరగదు. కానీ ఆక్టనాల్-గాలి సంఖ్య లాగ్‌లో 8 దాటుతుంది, ఊపిరి ద్వారా బయటికి పోదు. అందుకే సీళ్లలో, తోడేళ్లలో, ఎలుగుల్లో పోగుపడుతుంది. చేపల మీద పరీక్షించి "ఇది పేరుకోదు, ఫరవాలేదు" అని ముద్ర వేసే పాత కొలబద్ద ఇలాంటి రసాయనాల దగ్గరే బోల్తాపడింది. 2007లో కెనడా పరిశోధకులు దీన్ని బాగా చూపించారు.

ఎంవీపీ సెక్టార్ 4 · ఆదివారం, ఉదయం 7:15

కొవ్వుతో భాగించడం మంత్రదండం కాదండీ. మూడు చోట్ల దెబ్బతింటుంది.

ఒకటి, కోపెపాడ్ కొవ్వు. కాలనస్ జాతి చలికాలం కోసం దాచుకునేది ఎక్కువగా మైనపు ఎస్టర్లు. చేప కండలో ఫాస్ఫోలిపిడ్ల వాటా ఎక్కువ, సీల్ పొరలో ట్రైగ్లిజరైడ్లు. అన్నింటినీ "కొవ్వు" అనే ఒక్క గడిలో వేస్తున్నాం.

రెండు, ద్రావకం. హెక్సేన్-డైక్లోరోమీథేన్ మిశ్రమం ఫాస్ఫోలిపిడ్లను పూర్తిగా లాగలేదు. క్లోరోఫాం-మెథనాల్ వాడే బ్లై-డయ్యర్ పద్ధతి లాగుతుంది. సీల్ పొరకు రెండూ దగ్గరదగ్గర అంకెలే ఇస్తాయి. ఒక శాతం లోపు కొవ్వున్న బక్క చేప కండకు మాత్రం తేడా దారుణం. 0.9 శాతం ఉండాల్సిన చోట 0.45 శాతమే కొలిస్తే, కొవ్వు బరువు మీద పీసీబీ విలువ రెట్టింపైపోతుంది. కింది మెట్టు విలువ పెరిగి గీత వాలు తగ్గుతుంది. వేరువేరు ప్రయోగశాలల అంకెలు ఒకే గీత మీద పెట్టేముందు కొవ్వు ఎలా తీశారో చూడాలి. చాలా పత్రాల్లో అది అనుబంధంలో ఏ మూలో ఉంటుంది.

మూడు, ఋతువు. హడ్సన్ బే ఎలుగులు ఎండాకాలంలో మంచు కరిగాక నెలల తరబడి దాదాపు పస్తులుంటాయి. కొవ్వు కరుగుతుంది, పీసీబీ కరగదు. ఒంట్లో మొత్తం మోతాదు మారకపోయినా గ్రాము కొవ్వుకు పెరుగుతుంది. వసంతంలో తీసిన ఎలుగునీ శరదృతువులో తీసిన ఎలుగునీ కలిపి సరాసరి కడితే ఆ అంకెకు అర్థం లేదు.

ఆడ, మగ తేడా కూడా అంతే. తల్లి ఎలుగు పాలతో పాటు తన భారాన్ని పిల్లలకు దింపేస్తుంది. అందుకే పెద్ద మగ ఎలుగుల్లో పీసీబీ వయసుతో పెరుగుతుంటే ఆడవాటిలో అలా పెరగదు. పాలు తాగే పిల్లల్లో తల్లి కంటే ఎక్కువ సాంద్రత కనిపించొచ్చు. మనుషుల్లోనూ అంతే. క్యూబెక్‌కు ఉత్తరాన నునవిక్‌లో ఇనుయిట్ తల్లుల పాలలో పీసీబీ, దక్షిణ క్యూబెక్ తల్లుల కంటే దాదాపు ఐదు రెట్లు ఉన్నట్టు 1980ల చివర్లో తేలింది. సీల్, వేల్ కొవ్వు తిండిలో భాగం మరి.

పెదవాల్తేరు కాకి · ఆదివారం, ఉదయం 8:30

చిన్న సందేహం. అక్కడ ఫ్యాక్టరీల్లేవు, పొలాల్లేవు. ఇవన్నీ అక్కడికెలా వెళ్లాయి? మన వైపు పొలాల్లో చల్లిన గమాక్సిన్ పొడి కూడా అక్కడే తేలిందా ఏటి?

డాల్ఫిన్స్‌నోస్ · ఆదివారం, ఉదయం 9:20

మీరు వేళాకోళానికి అన్నారేమో గానీ, చాలావరకు అదే జరిగింది. గమాక్సిన్ పొడి, బీహెచ్‌సీ పొడి అని మన రైతులు పిలిచినది సాంకేతిక హెచ్‌సీహెచ్. అందులో పురుగును చంపేది గామా ఒక్కటే, పది పదిహేను శాతం. మొత్తంలో అరవై డెబ్బై శాతం ఆల్ఫా. అది ఉత్త బరువు, కానీ గాలిలోకి లేచిపోతుంది. వేడి నేల మీద ఆవిరై, చల్లటి చోట దిగి, మళ్లీ వేడెక్కితే లేచి, మిడత గెంతుల్లా ఉత్తరానికి చేరుతుంది. 1993లో వానియా, మకే ఈ చలి ఘనీభవనాన్ని వివరించారు. అన్ని రసాయనాలూ ఒకే దూరం గెంతవు. క్లోరిన్లు తక్కువున్న పీసీబీ-28 లాంటివి దూరం పోతాయి, పీసీబీ-180 లాంటివి ముందే దిగబడతాయి.

ప్రపంచంలో అతి పెద్ద వాడకందార్లు చైనా, తర్వాత మనం. చైనా 1983లో ఆపింది, మనం 1997లో నిషేధించాం. వాడకం తగ్గగానే ఆర్కిటిక్ గాలిలో ఆల్ఫా తగ్గింది. ఇక్కడే అసలు తమాషా. అప్పటిదాకా గాలి నుంచి మింగుతున్న సముద్రం, గాలిలో తగ్గేసరికి తిరిగి వదలడం మొదలెట్టింది. సముద్రం గిడ్డంగిలా ప్రవర్తిస్తుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

బీటా దారి వేరు. అది అంత తేలిగ్గా ఆవిరవదు, చలి నీటిలో ఉండిపోతుంది. ఎక్కువ భాగం ఉత్తర పసిఫిక్ ప్రవాహాలతో బేరింగ్ జలసంధి మీదుగా ఆర్కిటిక్‌లోకి ఈదుకుంటూ వెళ్లింది. పొడి ఒక్కటే, ఐసోమర్ల (ఆల్ఫా, బీటా రూపాల) ప్రయాణం మాత్రం వేరు.

గాజు గరాటు · ఆదివారం, మధ్యాహ్నం 12:05

మూడో ప్రశ్న నా పరిధి. ముందు చేప సంగతి. కవ్వలు, కానాగంతలు తీసుకోండి. కొవ్వు బాగా ఉంటుంది, చవక, ఒకే సైజువి పాతిక దొరుకుతాయి. వంజరం తర్వాత చూడొచ్చు, దాని మెట్టు పైనది. కండ ముక్క కోయించొద్దు. మనం తినే దాంట్లో ఎంతుందని చూసేటప్పుడు కండ సరే. కానీ సీల్ కాడ్ చేపను కాలేయం, పేగులతో సహా మింగుతుంది. ఆహార గొలుసు లెక్కకు చేపను మొత్తంగా రుబ్బాలి. ఐదు చేపలు కలిపి ఒక నమూనా, అలాంటివి ఐదు నమూనాలు. తిమింగలం, డాల్ఫిన్, తాబేలు, తిమింగల సొర ఒడ్డుకు కొట్టుకొచ్చినా ముట్టుకోవద్దు. అవన్నీ వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవులు, అటవీ శాఖ అనుమతి లేకుండా చిన్న ముక్క తీసినా నేరం.

తీసే వరుస ఇది. రుబ్బిన చేప 5 గ్రాములు. సీల్ పొర లాంటిదైతే 0.3 గ్రాము చాలు. దానికి నాలుగైదింతలు నిర్జల సోడియం సల్ఫేట్ కలిపి, ఇసుకలా జారేవరకు నూరాలి. విశాఖ గాలికి ఇక్కడే మొదటి దెబ్బ. 450 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చిన సల్ఫేట్‌ను డెసికేటర్‌లో పెట్టకపోతే మర్నాటికి గడ్డకడుతుంది. గడ్డకట్టినదాన్ని వాడితే నీరు మిగిలిపోయి ద్రావకం కణజాలంలోకి దిగదు, కొవ్వు తక్కువ వస్తుంది. వర్షాకాలంలో అయితే చెప్పనక్కర్లేదు.

నూరిన వెంటనే, ద్రావకం తగలకముందే గుర్తు ప్రమాణం (తెలిసిన మోతాదులో కలిపే, చేపలో ఉండని రసాయనం) వేయాలి. మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంటే కార్బన్-13 పీసీబీలు, ఈసీడీ (క్లోరిన్ రసాయనాల్ని పసిగట్టే డిటెక్టర్) మాత్రమే ఉంటే పీసీబీ-103, 198. చివర్లో వేస్తే అది మీ తప్పుల్ని పట్టుకోదు. సాక్స్‌లెట్‌లో (ద్రావకంతో తిప్పి తిప్పి కడిగే గాజు పరికరం) హెక్సేన్, డైక్లోరోమీథేన్ సమపాళ్లలో 16 గంటలు. వచ్చిన ద్రావణంలో పదో వంతు తీసి కొవ్వు తూకానికి, మిగతాది శుద్ధికి.

శుద్ధికి ఆమ్ల సిలికా. 56 గ్రాముల ఎండిన సిలికాలో 44 గ్రాముల గాఢ గంధకామ్లం చుక్కచుక్కగా పోస్తూ, గడ్డలు పోయేదాకా కుదపాలి. పది గ్రాముల స్తంభానికి అర గ్రాము కొవ్వు దాటించొద్దు. కొవ్వు మాడి గోధుమ రంగు పట్టీ దిగుతుంది. అడుగున తెల్లటి సిలికా మిగిలి ఉండాలి. పట్టీ అడుగుకు తగిలిందంటే కొవ్వు కిందికి కారిపోయినట్టే, ఆ నమూనా మళ్లీ మొదలెట్టాలి. హెక్సేన్‌తోనే కడగండి.

ఒక హెచ్చరిక: ఆమ్లం డైఎల్డ్రిన్, ఎండ్రిన్ అనే పురుగుమందుల్ని తినేస్తుంది. అవి కావాలంటే ద్రావణాన్ని ముందే రెండుగా పంచి, ఒక సగాన్ని ఫ్లోరిసిల్ (ఆమ్లం లేని శుద్ధి పొడి) మీద నడపాలి. "డైఎల్డ్రిన్ దొరకలేదు" అని రాసే ముందు ఏ స్తంభం వాడారో చూసుకోండి.

గాజు గరాటు · ఆదివారం, మధ్యాహ్నం 12:31

ఇందాక రాయనిది. ఆవిరి చేసేటప్పుడు 50 మైక్రోలీటర్ల ఐసోఆక్టేన్ వేసి ఉంచండి. నైట్రోజన్ ఊదుతూ పూర్తిగా ఎండబెడితే హెక్సాక్లోరోబెంజీన్, పీసీబీ-28 ముందుగా ఎగిరిపోతాయి, పీసీబీ-180 మాత్రం బుద్ధిగా ఉంటుంది. గుర్తు ప్రమాణాల్లో తేలికది 40 శాతం, బరువైనది 95 శాతం తిరిగొస్తే ఎండబెట్టారని అర్థం. రెండూ 70 నుంచి 120 మధ్య ఉంటే చాలు.

జీసీలో (గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లో) డీడీటీ చూసేవాళ్లు రోజూ ఉదయం ఒట్టి డీడీటీ ప్రమాణం ఒకటి ఎక్కించాలి. లైనర్ (నమూనా ఎక్కించే చోటి గాజు గొట్టం) మురికైతే డీడీటీ అక్కడే విరిగి డీడీడీ, డీడీఈ అవుతుంది. 15 శాతం దాటితే లైనర్ మార్చి, కాలమ్ ముందు భాగం కొంచెం కోయాలి. లేకపోతే "డీడీఈ ఎక్కువుంది, కాబట్టి పాత వాడకం" అని తప్పుడు కథ రాస్తారు. పీసీబీ-138 పక్కనే 163 కలిసి వస్తుంది, 28 పక్కన 31. కాలమ్ విడదీయకపోతే "138+163" అని నిజాయితీగా రాయాలి.

ప్రతి పది నమూనాలకు ఒక ఖాళీ పరీక్ష. కనీసం ఏడు ఖాళీలు పోగయ్యాక వాటి సరాసరికి మూడు రెట్ల ప్రామాణిక విచలనం కలిపితే మీ గుర్తింపు హద్దు. ప్లాస్టిక్ మూతలు, గొట్టాలు వాడితే థాలేట్లు ఈసీడీలో కొండల్లా లేస్తాయి.

ఉప్పుటేరు · ఆదివారం, సాయంత్రం 5:48

గరాటు గారూ, ఇదంతా అచ్చు వేయించి గోడకు అతికించొచ్చు. గుర్తింపు హద్దు కంటే తక్కువ వచ్చిన కోపెపాడ్ విలువల్ని సున్నా అని వేస్తే సరిపోతుందా?

తగరపువలస మాస్టారు · ఆదివారం, సాయంత్రం 6:20

సున్నాకి లాగ్ ఎక్కడుంది బాబూ! కొద్దిపాటివే అయితే హద్దులో సగం వేయడం వాడుక. సగానికి మించి అలాగే ఉంటే ఆ రసాయనానికి టీఎంఎఫ్ కట్టకండి. కట్టినా మీరు కొలిచేది ఆహార గొలుసును కాదు, మీ యంత్రం సున్నితత్వాన్ని.

ఎంవీపీ సెక్టార్ 4 · ఆదివారం, రాత్రి 8:55

పీఎఫ్ఓఎస్ ప్రశ్న అలాగే మిగిలిపోయింది. దాన్ని కొవ్వుతో అసలు భాగించకండి. అది కొవ్వులో దాక్కోదు. రక్తంలో ఆల్బుమిన్‌ను, కాలేయంలో ప్రోటీన్లను పట్టుకుంటుంది. తడి బరువు మీద గానీ ప్రోటీన్ మీద గానీ చూడాలి. అన్నిటికంటే పెద్ద ఉచ్చు కణజాలం: ఎలుగుకు కాలేయం, చేపకు మొత్తం ఒళ్లు తీసుకుని గీత గీస్తే టీఎంఎఫ్ భయంకరంగా ఉబ్బుతుంది, ఎందుకంటే పీఎఫ్ఓఎస్ కాలేయంలోనే గుమిగూడుతుంది. పై జంతువులకు మొత్తం ఒంటి అంచనా కట్టాలి. ఇది మీ 667 లాంటి తప్పే, వేషం మాత్రం వేరు.

యంత్రం దగ్గర ఇంకోటి. పీఎఫ్ఓఎస్‌ను మాస్ స్పెక్ట్రోమీటర్‌లో 499 ద్రవ్యరాశి అయాను 80 ముక్కగా విరిగే జోడీతో కొలుస్తారు. పిత్తంలో ఉండే టారోడీఆక్సీకోలేట్ కూడా 499 దగ్గరే ఉండి 80 ముక్కనే ఇస్తుంది. కాలేయం, గుడ్ల నమూనాల్లో ఇది ఉత్తుత్తి పీఎఫ్ఓఎస్‌ను చూపిస్తుంది. 499 నుంచి 99 జోడీతో సరిచూడండి, లేదా కాలమ్‌లో రెండింటినీ విడదీయండి. టెఫ్లాన్ గొట్టాలు, మూతలు పనికిరావు, పాలీప్రొపిలీన్ వాడాలి. పీసీబీలకు గాజు, వీటికి పాలీప్రొపిలీన్. ఒకే చేప నుంచి రెండూ చేస్తే మొదటి నిమిషంలోనే నమూనాని రెండు డబ్బాల్లోకి పంచండి.

పాదరసం కూడా కొవ్వుది కాదు. మిథైల్ పాదరసం ప్రోటీన్లలోని గంధకానికి అంటుకుంటుంది, కండలో చూస్తారు. సీల్ కాలేయంలో ఎక్కువ భాగం సెలీనియంతో జతకట్టి నిద్రపోతుంటుంది. కాలేయంలో మొత్తం పాదరసం ఒక్కటే చూసి విష తీవ్రత చెప్పొద్దు.

పెదవాల్తేరు కాకి · ఆదివారం, రాత్రి 9:40

మరి దక్షిణ ధ్రువం సంగతి? మనవాళ్ల మైత్రి, భారతి స్టేషన్లు అక్కడేగా.

డాల్ఫిన్స్‌నోస్ · ఆదివారం, రాత్రి 10:15

అక్కడ తక్కువే, కానీ శూన్యం కాదు. అడేలీ పెంగ్విన్లలో, క్రాబీటర్ సీల్‌లో డీడీటీ దొరికినట్టు 1966లోనే పత్రం వచ్చింది. పెంగ్విన్ ఏడాదంతా అక్కడే తిరుగుతుంది, క్రిల్ తింటుంది, కాబట్టి భారం తక్కువ. దక్షిణ ధ్రువ స్కువా అనే పక్షి మాత్రం చలికాలంలో ఉత్తరానికి ఎగిరిపోయి, అక్కడి సముద్రాల తిండి తిని, తిరిగొచ్చి పెంగ్విన్ గుడ్లూ పిల్లలూ మింగుతుంది. దాని అంకెలు ఎన్నో రెట్లు పైన ఉంటాయి. స్కువాని అంటార్కిటిక్ ఆహార గొలుసు గీతలో పై పాయింటుగా పెట్టేస్తే, అది ఉత్తరాన తిన్నదాన్ని కూడా అంటార్కిటికా ఖాతాలో రాసినట్టే.

పశ్చిమ అంటార్కిటిక్ ద్వీపకల్పపు అడేలీల్లో డీడీటీ అనుకున్నట్టు తగ్గలేదు. పాత దశాబ్దాల్లో మంచుగడ్డల్లో చిక్కుకున్నది కరిగిన నీటితో దిగుతోందని 2008లో ఒక అధ్యయనం సూచించింది. స్థానిక మూలాలూ ఉన్నాయి, మెక్‌మర్డో స్టేషన్ దగ్గరి వింటర్ క్వార్టర్స్ బే అడుగు బురద పీసీబీలకు పేరుమోసింది. అందుకే 1991 మాడ్రిడ్ ప్రోటోకాల్ మూడో అనుబంధం పీసీబీలను ఆ ఖండానికి తీసుకెళ్లడాన్నే నిషేధించింది, మన స్టేషన్లకూ అది వర్తిస్తుంది.

ఆర్కిటిక్‌లో ఇంకో మెలిక. తూర్పు గ్రీన్‌లాండ్ ఎలుగుల తిండిలో రింగ్డ్ సీల్ తగ్గి, దక్షిణం నుంచి వచ్చే హార్ప్, హుడెడ్ సీళ్లు పెరిగాయి. వాటి కొవ్వులో రసాయనాలు ఎక్కువ. ఇలాంటి రసాయనాల్ని అరికట్టే స్టాక్‌హోమ్ ఒప్పందం 2004లో అమల్లోకొచ్చాక గాలిలో తగ్గినంత వేగంగా ఎలుగులో తగ్గకపోవడానికి ఇదో కారణం. ఏళ్ల వారీ గీత గీసేటప్పుడు తిండి మార్పును సరిచేయకపోతే ఒప్పందం పనిచేయలేదని తీర్పు ఇచ్చేస్తారు.

ఉప్పుటేరు · సోమవారం, ఉదయం 6:50

667 కొట్టేయించాం. పోస్టర్ మీద ఇప్పుడు రెండు గీతలు, 13 ఒకటి, 5 ఒకటి. పీఎఫ్ఓఎస్‌కు వేరే పట్టిక. హార్బర్ చేపలు ఎప్పుడు కొనాలి? పిల్లలు మే నెలలో మొదలెడదాం అంటున్నారు.

గాజు గరాటు · సోమవారం, ఉదయం 7:12

మేలో ఎక్కడి చేపలండీ! తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. అప్పుడు మార్కెట్లో దొరికేది ఐస్‌లో నిల్వ ఉన్నదో, ఏ తీరం నుంచో వచ్చినదో తెలీదు. ఏప్రిల్ మొదటి వారంలో, తెల్లవారుజామున, ఒకే పడవ నుంచి, ఒకే జాతి, ఒకే సైజు కొనండి. పొడవు, బరువు అక్కడికక్కడే రాయించండి. కడిగిన అల్యూమినియం రేకులో చుట్టి, ఐస్ పెట్టెలో తెచ్చి, మైనస్ 20లో పెట్టండి. పీఎఫ్ఓఎస్ వాటా మాత్రం రేకులో కాదు, పాలీప్రొపిలీన్ డబ్బాలో. మిగిలిన కవ్వలు వచ్చే ఏడాది కోసం దాచొద్దు, వాటి కొవ్వు ఋతువుతో మారుతుంది, ఆ లెక్క ఈ లెక్కతో కలవదు.